బీపీ ఉన్నవాళ్ల నడకకు తోడు కావాలి



"పొద్దంతా చేలో కష్టపడతాం, మళ్లీ నడకెందుకు?" అని మనమే అంటుంటాం. కానీ చేనిగట్టు దాకా బండి మీదే పోతున్నాం. బోరుకు ఆటో స్టార్టరు, తోటకు డ్రిప్పు వచ్చాక నీళ్లు కట్టే తిరుగుడూ తగ్గింది. టమోటా రేటు పడిపోతే, అప్పు గుర్తొస్తే నిద్ర మాత్రం పట్టదు.

డాక్టరు పెట్టిన భయం వారం రోజులే పనిచేస్తుంది. బీపీకి నొప్పి ఉండదు కదా, నడక మానేసినా తేడా తెలీదు. మనల్ని నిలబెట్టేది తోడు. పక్కింటాయన గడప దగ్గర నిలబడి పిలిస్తే లేవక తప్పదు. ఆ తర్వాత, తగ్గిన అంకె కంటికి కనబడటం.

దీనికి రుజువు మన పక్కనే ఉంది. రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల్లో, పశ్చిమ గోదావరిలో, కేరళలోని తిరువనంతపురంలో ఆశా కార్యకర్తలు బీపీ ఉన్నవాళ్లను పదిహేను రోజులకోసారి ఒకచోట కూర్చోబెట్టారు. ఉప్పు, నడక, మాత్రల గురించి మూడు నెలలు మాట్లాడారు, బీపీ చూశారు. మామూలు వైద్యంతో ఉన్నవాళ్లకంటే వీళ్లలో ఎక్కువమందికి బీపీ అదుపులోకి వచ్చిందని 2020లో ఫలితాలు అచ్చయ్యాయి.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. రోజుకు అరగంట, ఐదు రోజులు. పాలకేంద్రానికి పోయేటప్పుడు బండి ఇంట్లో పెడితే సగం అక్కడే తీరుతుంది. మాత్రలు మాత్రం మానొద్దు.

ఆడవాళ్లు చీకటితో రోడ్డెక్కాలంటే వీధి దీపం వెలగాలి. ఆ దీపాలు, ఊరూరా బీపీ మిషను, పదిహేను రోజుల సమావేశాలకు ఆశాలకు వేరే పారితోషికం, ఈ మూడూ ఈసారి మన అర్జీలో రాద్దాం.