మన నాలుకే కొలమానమా?

(ఇతర రాష్ట్రాల శాఖలకు తొలి పోస్టింగ్ మీద వెళ్తున్న యువ అధికారులను ఉద్దేశించి మా శిక్షణ కేంద్రంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి కేవైసీ, ఎన్‌పీఏ, రుణ పత్రాలు వింటూ కూర్చున్నారు. భోజనానికి ముందున్న చివరి అరగంట నాకిచ్చారు. ఆకలి మీదున్న వాళ్లకు ఏ విషయం చెబితే చెవికెక్కుతుందో నాకు తెలుసు. అందుకే తిండి గురించే మాట్లాడతాను. అందులోనూ శాండ్‌విచ్ గురించి.

శాండ్‌విచ్‌లో ఏముంది? రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో ఏదో ఒకటి. 18వ శతాబ్దపు ఇంగ్లండులో నాలుగో ఎర్ల్ ఆఫ్ శాండ్‌విచ్ జాన్ మాంటేగ్ బిరుదు నుంచి ఆ పేరు వచ్చింది. 1762లో చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ తన డైరీలో ఈ మాట వాడాడు. తర్వాత బ్రెడ్డు లోకమంతా తిరిగింది. మధ్యలో పెట్టే ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

ఇంగ్లండు వాళ్లు వెన్న రాసిన బ్రెడ్డు మధ్య ఆలూ చిప్స్ పోసి, నొక్కి, కరకరలాడిస్తూ తింటారు. 1861లో అచ్చయిన మిసెస్ బీటన్ గృహ నిర్వహణ గ్రంథంలో అయితే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కాల్చిన బ్రెడ్డు ముక్క పెట్టమని ఉంది. అది రోగులకు పెట్టే పథ్యమట! అమెరికా వాళ్లు వేరుశెనగ ముద్దకు పండ్ల జెల్లీ జోడిస్తారు. ఆ వంటకం 1901లోనే ఒక బోస్టన్ పత్రికలో వచ్చింది. నెదర్లాండ్స్‌లో పెద్దవాళ్లు కూడా పొద్దున్నే వెన్న రాసిన బ్రెడ్డు మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటారు. జపాన్ వాళ్లు మీగడలో స్ట్రాబెర్రీలు పొదిగి ఒక శాండ్‌విచ్, బన్ను చీల్చి అందులో వేయించిన నూడుల్స్ కూరి ఇంకొకటి చేస్తారు.

నూడుల్స్ మాట చెప్పగానే వెనక వరుసలో నవ్వు వినిపించింది. పిండిలో పిండి ఏమిటని కదా? మరి పెసరట్టులో ఉప్మా పెట్టింది ఎవరండీ?

దేశం దాటక్కర్లేదు. మీలో కొందరు ముంబై వెళ్తున్నారు. అక్కడి ఫుట్‌పాత్ శాండ్‌విచ్‌లో పచ్చి చట్నీ, ఉడికించిన ఆలుగడ్డ, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లి అన్నీ ఉంటాయి. వడాపావ్‌లోని ‘పావ్’ పోర్చుగీసు మాట. మనం మిరపకాయ బజ్జీని ఉల్లిపాయతో తింటే, వాళ్లు బంగాళాదుంప బజ్జీని బ్రెడ్డులో పెట్టారు. గుజరాత్ వెళ్తున్న వాళ్లు కచ్ దాబేలీ చూస్తారు. పావ్‌లో తీపి, పులుపు, కారం కలిసిన ఆలూ ముద్ద, వేరుశెనగలు, దానిమ్మ గింజలు ఉంటాయి. అహ్మదాబాద్ మాణిక్ చౌక్‌లో పగలు బంగారం వ్యాపారం, రాత్రి తిండి వ్యాపారం. అక్కడ బ్రెడ్డు మధ్య చాక్లెట్ తురిమి, దాని మీద చీజ్ కూడా తురిమి ఇస్తారు. పైనాపిల్ శాండ్‌విచ్ కూడా దొరుకుతుంది. ఇండోర్‌లో అటుకులతో జిలేబీ, కేరళలో పుట్టుతో అరటిపండు.

ఇవన్నీ వింతగా ఉంటే, ఒకసారి మన కంచం వైపు చూద్దాం. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుంటాం. జామకాయకు ఉప్పూ కారం అద్దుతాం. తియ్యటి ఇరానీ చాయ్‌లో ఉప్పదనం తగిలే ఉస్మానియా బిస్కట్ ముంచుతాం. అన్నిటినీ మించి, కొత్త సంవత్సరాన్ని వేపపువ్వులో బెల్లం, పచ్చిమామిడి కలిపి మొదలుపెడతాం. ఏ హర్యానా మిత్రుడికైనా ఉగాది పచ్చడి తొలిసారి పెట్టి, అతని మొహం చూడండి. చాక్లెట్ మీద చీజ్ చూసినప్పుడు మన మొహం ఎలా ఉంటుందో తెలుస్తుంది.

దీని వెనక కొంత శాస్త్రం ఉంది. పాశ్చాత్య వంటల్లో రుచినిచ్చే రసాయనాలు ఉమ్మడిగా ఉన్న పదార్థాలను జత చేస్తారనీ, తూర్పు ఆసియా వంటల్లో అలాంటి జతలు తగ్గుతాయనీ 2011లో ఒక పరిశోధన చూపింది. 2015లో ఐఐటీ జోధ్‌పూర్ పరిశోధకులు 2,500కు పైగా భారతీయ వంటకాలను పరిశీలించి, ఒకదానితో ఒకటి పోలిక లేని పదార్థాలను కలపడమే మన పద్ధతి అనీ, అందులో మసాలా దినుసులది పెద్ద పాత్ర అనీ తేల్చారు. అంటే పొసగని వాటిని పొసగించడమే మన వంట. అలాంటి వంట తిని పెరిగిన మనం పక్కవాడి జోడింపును చూసి ముక్కు చిట్లించడం ఏం న్యాయం?

ఇక మన పనిలోకి వద్దాం. నేను అహ్మదాబాద్‌లో ఉండగా ఒక శాండ్‌విచ్ బండి యజమాని రుణం కోసం వచ్చాడు. 2020లో మొదలైన పీఎం స్వనిధి పథకం అది. తొలి విడత అప్పట్లో 10,000 రూపాయలు. మా యువ అధికారి, మన ప్రాంతం వాడే, కాగితాలు చూసి, “సార్, చాక్లెట్ శాండ్‌విచ్ ఎవరు కొంటారు?” అన్నాడు. సాయంత్రం ఇద్దరం ఆ బండి దగ్గరకు వెళ్లాం. అరగంట నిలబడ్డాం. బ్రెడ్డు ఎన్ని ప్యాకెట్లు ఖర్చవుతోంది, వెన్న ఎంత తెస్తాడు, క్యూఆర్ కోడ్ మీద రోజుకు ఎంత జమ అవుతోంది, అన్నీ కళ్లముందే కనిపించాయి. ఆ రుణం మంజూరైంది, వాయిదాలూ సక్రమంగా వచ్చాయి. ఆ అధికారికి చాక్లెట్ శాండ్‌విచ్ నచ్చిందా అంటే, నచ్చలేదు. నచ్చనక్కర్లేదు కూడా. తినేది ఖాతాదారు ఖాతాదారులు, మనం కాదు. మేనేజ్‌మెంట్ చదువులో మార్కెట్ సర్వే అంటూ ఎన్నో పాఠాలు చదివాను. వాటి సారం ఈ ఒక్క ముక్కే.

రెండోది కొంచెం కష్టమైన విషయం. ఒక శాఖలో నేను చేరడానికి నెల ముందు ఒక సంఘటన జరిగింది. ఊరి పేరు వద్దు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ప్రొబేషనరీ ఆఫీసర్. ఒకరోజు డబ్బాలో ఎండు చేపల కూర తెచ్చుకుంది. ఎవరో ముక్కు మూసుకున్నారు, ఇంకెవరో జోక్ వేశారు, అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచి ఆమె తన సీట్లోనే తినడం మొదలుపెట్టింది. నేను చేరాక నా డబ్బా తీసుకెళ్లి ఆమె పక్కన కూర్చునేవాణ్ణి. అలా తెలిసిన సంగతి ఇది.

చిన్న విషయం అనిపిస్తుంది. కానీ శాఖలో సగం పని నేర్చుకునేది భోజనాల దగ్గరే. ఏ ఫైల్లో ఏ చిక్కుంది, ఏ ఖాతాదారుతో ఎలా మాట్లాడాలి, ఆడిట్ వాళ్లు ఏం అడుగుతారు, ఇవి సర్క్యులర్లలో ఉండవు. ఆ బల్ల దగ్గర చోటు పోయిన మనిషికి అవన్నీ పోతాయి. ఆరు నెలలకు ఆమె బదిలీ పెట్టుకుంది. దరఖాస్తులో ‘కుటుంబ కారణాలు’ అని ఉంది. స్వయం సహాయక సంఘాల ఖాతాలు చక్కగా చూసే అధికారిని ఆ శాఖ పోగొట్టుకుంది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో బన్నీ చౌ అనే వంటకం ఉంది. బ్రెడ్డులో సగం తీసుకుని, లోపల తొలిచి, కూర నింపుతారు. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా కూలీలుగా వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ భారతీయ సంతతి వంట అది. వర్ణవివక్ష రోజుల్లో నల్లజాతి వాళ్లను హోటల్లో కూర్చోనివ్వకపోతే, చేతికి అందించడానికి వీలుగా ఇలా చేశారని చెబుతారు. ఎవరికి కూర్చునే చోటు ఉంది, ఎవరికి లేదు అన్నది తిండిలో ఇలా మిగిలిపోతుంది.

కాబట్టి వెళ్లబోయే మీకు నాలుగు మాటలు. మీకు నచ్చనిది తినక్కర్లేదు. ‘వద్దండీ’ అనవచ్చు, ‘ఛీ’ అనకూడదు. కొందరు నియమం వల్ల మాంసాహారం ఉన్న బల్ల దగ్గర కూర్చోలేరు. అదీ గౌరవించాలి. వాసన ఇబ్బందైతే పక్కకు పిలిచి, నెమ్మదిగా చెప్పండి. నలుగురిలో నవ్వకండి. కొత్త ఊరు చేరిన మొదటి వారంలో, మన హోటల్ ఎక్కడుందని వెతికే ముందు, ఆ ఊరి బండి దగ్గర ఒకటి తిని చూడండి. బండి ఆయనతో నాలుగు మాటలు మాట్లాడండి. బహుశా ఆయనే మీ తొలి ఖాతాదారు అవుతాడు.

ఇంటి నుంచి ఆవకాయ జాడీ తీసుకెళ్తారని తెలుసు. తీసుకెళ్లండి. బ్రెడ్డుకు రాసుకున్నా బాగుంటుంది. ఒక్కరే తినకుండా నలుగురికీ పెట్టండి.

గంట కొట్టారు. పదండి, భోజనానికి వెళ్దాం. సెలవు.