రాళ్లకు లైట్లు పెట్టిన కథ

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సివిల్ ఇంజనీరును కాబట్టి నేను వంతెనల గురించో రోడ్ల గురించో మాట్లాడతానని సంఘం వాళ్లు అనుకొని ఉంటారు. కాంక్రీటు సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఈ రోజు అత్వెల్లిలో మా ఇంటి ముందుగదిలో ఉన్న ఒక గాజు ట్యాంకు గురించి చెప్తాను. అందులో ఉన్నది వెయ్యి లీటర్ల ఉప్పునీరు, కొన్ని పగడాలు, ఆరు చేపలు. చూడడానికి వచ్చిన వాళ్లందరూ మూడే ప్రశ్నలు అడుగుతారు. ఎంతయింది? ఎందుకు? మేమూ పెట్టుకోవచ్చా? మూడింటికీ జవాబు చెప్తాను.

ముందు 'ఎందుకు' అన్నదానితో మొదలుపెడతాను. కొన్నేళ్ల కింద ఇంటిల్లిపాదిమీ అండమాన్ పోయినం. పోర్ట్ బ్లెయిర్ దగ్గర నార్త్ బే అని ఒక చోటు ఉంది. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల బొమ్మ ఉండేది, ఆ చోటిదే. అక్కడ అడుగున గాజు బిగించిన పడవలో తిప్పుతారు. పదిహేను నిమిషాలు కింద పగడాలను చూసిన మా అమ్మాయి, అప్పుడు ఏడో తరగతి, దిగనని మొండికేసింది. ఇంటికొచ్చాక, "నాయినా, మన చెరువుల్లో ఇవి ఎందుకు లేవు?" అని అడిగింది. ఇంజనీరునైనా నాకు జవాబు తెలియలేదు.

పగడం రాయి కాదు, మొక్క కాదు. అది జంతువు. దాని కండలో కంటికి కనపడనంత చిన్న నాచు కణాలు కాపురం ఉంటాయి. అవి ఎండతో వంట చేసి పగడానికి పెడతాయి, పగడం వాటికి చోటిస్తుంది. అందుకని వెలుతురు దిగేంత తేటనీళ్లు కావాలి, ఉప్పు తగ్గకూడదు, వేడి నిలకడగా ఉండాలి. మన గోదావరి, కృష్ణ ఏటా ఒండ్రునూ మంచినీళ్లనూ తెచ్చి మన తీరంలో పోస్తాయి. వరి పండడానికి అది వరం, పగడానికి మాత్రం ఊపిరాడదు. అందుకే దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖలో, మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి ప్రాంతంలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్‌లో ఉన్నాయి. మనకు దగ్గరి సముద్రమే మూడువందల కిలోమీటర్ల పైన ఉంది. అయినా పెట్టాలనుకున్నాను.

మొదటి లెక్క బరువుది. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు. దాని కింద స్టాండులో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుంది, దాన్నీ సంపు అనే అంటారు. నీళ్లు, 15 మిల్లీమీటర్ల గాజు, రాళ్లు, ఇసుక, ఇనుప స్టాండు కలిపితే దాదాపు 1400 కిలోలు. అంటే చదరపు మీటరుకు వెయ్యి కిలోలు. ఇళ్ల శ్లాబుకు మనం పట్టే లెక్క చదరపు మీటరుకు 200 కిలోలే. మిత్రులారా, మూడో అంతస్తు ఫ్లాటులో పెట్టాలనుకుంటే ముందు ఇంజనీరును పిలవండి, తర్వాత చేపలవాణ్ణి పిలవండి. నేను కింది అంతస్తులో, నేల మీద వేరే బెడ్డు పోసి పెట్టాను.

రెండోది నీళ్లు. మా బోరు నీళ్ల టీడీఎస్ 900. ఆ నీళ్లను ఆర్‌ఓ గుండా, ఆపైన రెజిన్ గుండా పంపి సున్నాకు తెచ్చి, అప్పుడు సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. లీటరుకు 35 గ్రాముల ఉప్పదనం రావాలి. మొత్తానికి 38 కిలోల దాకా పట్టింది. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రంలో కాల్షియం, మెగ్నీషియం లాంటివెన్నో ఉంటాయి, పగడానికి అవీ కావాలి. ఎండాకాలం రోజుకు పది లీటర్లు ఆవిరవుతుంది. "మళ్లీ ఉప్పు కలుపుతావా?" అని అడుగుతారు. పొయ్యి మీద చారు మరిగితే ఏమవుతుంది? ఉప్పు ఎక్కువవుతుంది. నీళ్లే పోయినయి, ఉప్పు పోలేదు. కాబట్టి మంచినీళ్లే పోయాలి. దానికి మేడ మీది ట్యాంకుకు పెట్టే బాల్ వాల్వు లాంటిది బిగించాను.

మూడోది రాళ్లు. ఇక్కడే నాకు మొదటి పరీక్ష ఎదురైంది. పగడపు ట్యాంకుకు ప్రాణం రాళ్లలోనే ఉంటుంది. చిల్లులు చిల్లులుగా ఉండే రాయిలో సూక్ష్మజీవులు చేరి నీటిని శుభ్రం చేస్తాయి. 1960ల మొదట్లో జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రపు రాళ్లతో, గాలి బుడగలతోనే పగడాలను బతికించి చూపించాడు. ఆ తరవాత ప్రపంచమంతా సముద్రం నుంచి తీసిన రాయిని, అంటే లైవ్ రాక్‌ను, వాడటం మొదలుపెట్టింది. నాకూ ఒక వ్యాపారి ఫోన్ చేశాడు. "సార్, మన్నార్ సరుకుంది. రాత్రికి రాత్రి బస్సులో దింపుతా. ఆరు నెలల పని ఆరు రోజుల్లో అయిపోతుంది" అన్నాడు.

ఆశ పడలేదంటే అబద్ధం. రెండు రోజులు ఆలోచించాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నిటినీ చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. అండమాన్ పడవలో మా అమ్మాయి చూసింది కూడా అలాంటి దిబ్బనే. దాన్ని చూసి ముచ్చటపడి, ఇంకో దిబ్బను పగలగొట్టించి తెచ్చుకుంటే ఆ ముచ్చటకు అర్థమేముంది? వద్దన్నాను.

రాళ్లు నేనే పోసుకున్నాను. తెల్ల సిమెంటు, గుల్లల ముక్కలు, దండిగా కళ్లుప్పు కలిపి ఇసుక గుంతల్లో పోశాను. నీళ్లలో వేస్తే ఉప్పు కరిగిపోయి చిల్లులు మిగులుతాయి. కాంక్రీటుకు 28 రోజుల క్యూరింగ్ అని మనం చదువుకున్నాం. ఈ రాళ్లకు పది వారాలు పట్టింది. సిమెంటు నుంచి సున్నం ఊరి నీళ్ల పీహెచ్ 12 దాకా పోతుంది. అది ఎనిమిది దగ్గరికి దిగేదాకా డ్రమ్ముల్లో నీళ్లు మారుస్తూనే ఉన్నాను. మన బడి ల్యాబులో లిట్మస్ కాగితం రంగు మారితే చప్పట్లు కొట్టిన బ్యాచ్ మాది. యాభై దాటాక మళ్లీ అదే పని.

2021 నవంబరులో నీళ్లు నింపి, రాళ్లు పేర్చి, లైట్లు వేశాను. చూసి మా అమ్మ అన్నది: "ఏంది బిడ్డా, ఉత్త రాళ్లకు లైట్లు పెట్టినవ్? మనుషులకే కరెంటు లేని రోజులు మర్చిపోయినవా?" వాడకట్టులో ఆ మాటే నిలిచిపోయింది. ఈ ప్రసంగానికి పేరూ అదే.

ఆ ఉత్త రాళ్లలో జరిగేది పాలు తోడుకోవడం లాంటిది. చేప విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. అది విషం. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ మంచిది కాదు. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. దాన్ని కొంతవరకు తట్టుకోవచ్చు. సీసాలో అమ్మే బాక్టీరియాను తోడు వేశాను, కొంచెం అమ్మోనియా చుక్కలు వేశాను. రోజూ పరీక్ష చేసి పుస్తకంలో రాయడం మా అమ్మాయి పని. నలభై ఒకటో రోజున అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. నేను ఎగిరి గంతేశాను.

నా అసలు తప్పు అక్కడే జరిగింది. పెరుగు తోడుకుంది కదా అని అదే ఆదివారం ఏడు చేపలను ఒకేసారి తెచ్చి వదిలాను. విడిగా ఇంకో తొట్టిలో నాలుగు వారాలు ఉంచి చూడాలని పుస్తకాల్లో చదివాను. చదివి కూడా వదిలేశాను. తొమ్మిదో రోజు చేపల ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు వచ్చాయి. అది ఒక పరాన్నజీవి రోగం. పది రోజుల్లో ఐదు పోయాయి. మా అమ్మాయి ఏడింటికీ పేర్లు పెట్టుకుంది. పుస్తకంలో ఒక్కో పేరు పక్కన తేదీ వేసింది, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ పరాన్నజీవి చేప లేకుండా ఎక్కువ కాలం బతకలేదు. మిగిలిన రెండు చేపలను వేరే తొట్టిలో పెట్టి మందు వాడి, పెద్ద ట్యాంకును పదకొండు వారాలు చేపల్లేకుండా ఉంచాను. మళ్లీ ఉత్త రాళ్లు, లైట్లు. ఈసారి అమ్మ ఏమీ అనలేదు.

ఆ తరవాత వికారమైన దశ వస్తుంది. ప్రతి కొత్త ట్యాంకుకూ వస్తుంది, ఎవరూ ముందు చెప్పరు. మొదట ఇసుక మీద గోధుమ రంగు పొర, తరవాత రాళ్లకు పచ్చని జుట్టు లాంటి నాచు, ఆపైన ఎర్రటి జిగురు. నాకు సిగ్గేసి కనపడ్డ మందల్లా పోశాను. పప్పు ఉడికేటప్పుడు మీది నురుగు తీసినట్టు మురికిని తీసే స్కిమ్మర్ అనే పరికరం ఉంటుంది. దాన్ని రాత్రింబవళ్లు గట్టిగా నడిపి నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ సున్నాకు తెచ్చాను. అప్పుడు అంతకన్నా మొండి జీవులు వచ్చి పడ్డాయి. మరీ శుభ్రమైన నీళ్లలో పోటీ లేక అవి పెరుగుతాయట. మిగతావాటికి తిండి లేకుండా చేసింది నేనే.

మా నాయిన ద్రాక్షతోట రైతు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే ఉన్న రోజులు మీలో చాలామందికి గుర్తే. ఆయన కుర్చీ వేసుకుని నా తిప్పలు చూసి, "తీగ నాటినంక రోజూ పీకి చూస్తే వేరు పడతదారా? రెండేండ్ల దాకా కాపు అడగొద్దు" అన్నాడు. ఆ రోజు నుంచి మందులు బందు పెట్టాను. వారానికి పదో వంతు నీళ్లు మార్చడం, నత్తలను వదలడం, రోజూ ఒకే వేళకు లైట్లు, తిండి తగ్గించడం. అంతే. ఎనిమిదో నెలలో ఒక రాయి మూలన అరచేతంత గులాబీ రంగు మచ్చ కనపడింది. అది సున్నపు నాచు. ట్యాంకు కుదురుకుంటున్నదనే గుర్తు. నేను పోసిన తెల్ల సిమెంటు రాళ్లు ఇప్పుడు వెతికినా కనపడవు, అన్నీ ఊదా రంగే.

ఏడాది దాటాకే పగడాలు పెట్టాను. గట్టి పగడాలు కావు. చట్టం నిషేధించని మెత్తని రకాలు, ఇంకో అభిరుచిపరుడి ట్యాంకులో పెరిగిన వాటి పిలకలు. చేపల్లో క్లౌన్ చేపలు, అదే పిల్లలు నీమో అంటారు, హేచరీలో పుట్టినవే. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని పొదిగించే పద్ధతి ఎప్పుడో కనిపెట్టింది. సముద్రం నుంచి పట్టాల్సిన పని లేదు. 2022 చట్ట సవరణతో కొన్ని విదేశీ జాతులను ఇంట్లో పెంచితే నమోదు చేయించాల్సి వస్తుంది. కొనే ముందు ఆ పట్టిక చూసుకోండి.

ఇక 2023 మే. ఒక సాయంత్రం గాలిదుమారానికి స్తంభాలు పడి తొమ్మిది గంటలు కరెంటు లేదు. లైట్లు లేకపోతే పగడం రెండు రోజులు ఓర్చుకుంటుంది. నీళ్లు కదలకపోతే మాత్రం చేపలకు గంటల్లోనే ప్రాణవాయువు తగ్గుతుంది. ఇన్వర్టరు మీద ఒక పంపు మాత్రమే నడిపాం, ఇంట్లో ఫ్యాన్లు ఆపేశాం. నీటి వేడి 26 డిగ్రీల నుంచి ముప్పై దాటింది. మూతపెట్టిన సీసాల్లో ఐసు నింపి సంపులో తేలేశాం. అమ్మతో సహా వంతులవారీగా మేలుకున్నాం. చేపలన్నీ బతికాయి. ఒక పగడం ముడుచుకుపోయి మూడు వారాల దాకా విచ్చుకోలేదు.

ఆ రాత్రే నాకొకటి అర్థమైంది. మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, సముద్రంలో పగడాలు తమలోని నాచును వెళ్లగొట్టి తెల్లబోతాయి. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో అదే జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి జరుగుతున్నదని శాస్త్రవేత్తలు ప్రకటించారు. నా ట్యాంకుకు ఐసు సీసాలున్నాయి. సముద్రానికి ఎవరు వేస్తారు?

మిగిలిన రెండు ప్రశ్నలు. ఎంతయింది? ఒక చిన్న కారు ఖరీదు, పైగా చల్లబరిచే యంత్రానికి నెలనెలా కరెంటు బిల్లు. మీరూ పెట్టుకోవచ్చా? రోజుకు అరగంట, మొదటి ఏడాది ఏమీ కనపడకపోయినా ఊరుకునే ఓపిక ఉంటే పెట్టుకోండి. లేకుంటే ఆదివారం మా ఇంటికి వచ్చి చూసి, చాయ్ తాగి పోండి. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు.

చివరగా పిల్లలకు ఒక మాట. మన చెరువుల మీద గుర్రపు డెక్క ఎందుకు పరుచుకుంటుందో నాకు ఈ గాజు ట్యాంకు నేర్పింది. నా రాళ్ల మీద పచ్చని నాచు ఎందుకు వచ్చిందో, అదీ అందుకే. మురుగుతో వచ్చే నైట్రేట్, ఫాస్ఫేట్. అవే పరీక్షలు, అవే చుక్కల మందులు. రెండు పరీక్ష కిట్లు ఈ రోజు మన బడి ల్యాబుకు ఇస్తున్నాను. నెలకో శనివారం నేను వస్తాను. మనం చెరువు దాకా నడిచిపోయి, నీళ్లు తెచ్చి, పరీక్షించి, పుస్తకంలో రాద్దాం. మొదటి ఏడాది ఏమీ మారదు, రాస్తూనే ఉందాం. మా అమ్మాయి రాసిన ఆ పాత పుస్తకాన్ని, ఐదు చేపల పేర్లతో సహా, మీకు చూపించడానికి తెచ్చాను. తప్పు చేసిన తేదీ కూడా రాసి పెట్టుకోవాలని ఆ పుస్తకం చూసే నేర్చుకున్నాను.