మదుపుదారుల సమష్టి వ్యాజ్యము
(డోంగ్లి వార్షిక మహాసభయందు గావించిన ప్రసంగము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు మాకంటె పెద్దలు ప్రసంగించి యున్నారు. మాకు నియమింపబడిన విషయము శుష్కమైనదే యయినను మీ కష్టార్జితమునకు సంబంధించినది గావున ఓపికతో ఆలకింప వేడుచున్నాము.

మన నల్లరేగడిలో పండిన పత్తి నమ్మిన రూకలు పూర్వము బంగారముగనో భూమిగనో మారుచుండెడివి. నేడు మన యువకులు జీతములనుండి నెలనెలయు మ్యూచువల్ ఫండులలో మదుపు చేయుచున్నారు. అది తప్పని మేమనము. కాని నిర్వాహకులు నిజము దాచి నష్టపఱచినచో దిక్కేది? పదివేలు పోయినవాడు వకీలునకు లక్ష యిచ్చుకొనజాలడు. అట్టివా రెల్లరు ఏకమై ఒక్కటిగా న్యాయస్థానమున కెక్కుటయే సమష్టి వ్యాజ్యము.

దీని విలువ మన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతమువలన తెలియగలదు. 2009 జనవరి 7వ తేదీన ఆ సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు, లెక్కలలో చూపిన నగదులో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేనేలేదని లేఖాముఖమున ఒప్పుకొనెను. న్యూయార్కు విపణిలో సత్యం పత్రములు కొన్నవారు అచట సమష్టి వ్యాజ్యము నడపిరి. 2011లో సంస్థ 12 కోట్ల 50 లక్షల డాలర్లును, లెక్కలు తనిఖీ చేసినవారు 2 కోట్ల 55 లక్షల డాలర్లును ఇచ్చుటకు ఒడంబడిరి. ఇచటి చిన్న వాటాదారుల పక్షమున ఒక మదుపుదారుల సంఘము జాతీయ వినియోగదారుల కమిషనును, పిమ్మట సుప్రీంకోర్టును ఆశ్రయించి 2009లోనే రిక్తహస్తములతో మరలెను. 2015లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజుగారికిని మఱి తొమ్మండుగురికిని శిక్ష విధించెను. వారు అప్పీలునకు పోయిరి. శిక్ష పడుట వేఱు, పోయిన సొమ్ము చేరుట వేఱు.

పిమ్మట 2013 కంపెనీల చట్టమున 245వ సెక్షను చేర్చబడి, 2016 జూన్ 1 నుండి అమలునకు వచ్చెను. 2019 నిబంధనల ప్రకారము సభ్యులలో నూటికి అయిదుగురు గాని, నూఱుమంది గాని, ఏది తక్కువయైన అంతమంది కలసి కంపెనీ లా ట్రైబ్యునలు నాశ్రయింపవచ్చును. కాని యొక చిక్కు గలదు. మ్యూచువల్ ఫండు ఒక ట్రస్టు. యూనిటు కొన్నవాడు కంపెనీ సభ్యుడు కాడు. కావున ఈ ద్వారము అతనికి తెఱచుకొనదు.

అట్లని నిస్సహాయుడు కాడు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ సంస్థ ఆఱు ఋణపథకములను మూసివేయగా, సుమారు 25,000 కోట్ల రూపాయలు చిక్కుపడెను. మదుపుదారులు వేర్వేఱు హైకోర్టుల కెక్కిరి. సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యములను కర్ణాటక హైకోర్టునకు పంపెను. యూనిటుదారుల సమ్మతి లేక పథకము మూయరాదని ఆ కోర్టు అక్టోబరులో తీర్పు చెప్పెను. 2021లో సుప్రీంకోర్టును సమ్మతి యవసరమేయని స్థిరపఱచెను. అయితే వోటు వేసినవారిలో అధికసంఖ్యాకుల మాటయే చెల్లుననెను. మౌనముగా నున్నవాని మాట లెక్కకు రాదన్నమాట! ఆ 2021 నుండియే సొమ్ము విడతలుగా తిరిగివచ్చెను.

ఇదిగాక సివిల్ ప్రొసీజరు కోడు 1వ ఆర్డరు 8వ రూలు ననుసరించి, సమాన ప్రయోజనము గల పలువురి పక్షమున ఒకరు కోర్టు అనుమతితో దావా నడపవచ్చును. 2019 వినియోగదారుల చట్టమును అట్టి అవకాశము నిచ్చుచున్నది. సెబీకి ఫిర్యాదు చేయుటకు వకీలే యక్కఱలేదు.

కావున మా ప్రార్థన యిది. మన సంఘమునందు ఒక పుస్తకముంచి, ఎవరు ఏ పథకమున మదుపు చేసిరో వారి యిష్టముమీద వ్రాసికొనుడు. చదువుకొన్న యువకులు నెలకొక దినము కూర్చుండి, వృద్ధులకును వితంతువులకును వచ్చిన నోటీసులు చదివి వినిపింపుడు. రసీదులు భద్రపఱచుడు. వోటు వచ్చినప్పుడు వేయుడు. ఒంటరిగా ఏడ్చినవాని కన్నీరు చెంగునకే తెలియును. పదుగురు కలసి యడిగిన ప్రశ్న కోర్టు మెట్లెక్కును. కులసంఘమున కిది పరాయి పని కాదు.