రిటైరయ్యాక చూద్దాంలే!

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు పది నిమిషాలు ఇచ్చారు. మనలో చాలామంది ఇప్పుడు 50 దాటి 60కి చేరువలో ఉన్నాం. ఈ వయసువాళ్లు నలుగురు కలిస్తే షుగరు, పిల్లల పెళ్లిళ్లు, ఆ తర్వాత ఊళ్ల ముచ్చట వస్తుంది. ఒకరు లడఖ్ అంటారు, ఒకరు కాశీ అంటారు, ఒకరు అండమాన్ అంటారు. చివరికి అందరూ ఒకే మాట మీద ఆగుతారు: "రిటైరయ్యాక చూద్దాంలే." ఈ పది నిమిషాలూ ఆ ఒక్క మాట గురించే.

ముందు, రిటైర్మెంట్ అనే తేదీ మన చేతిలో లేదు. తెలంగాణలో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2021లో 58 నుంచి 61కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. ఉద్యోగానికి మంచిదే, నేను కాదనను. కానీ 58 తర్వాత బయల్దేరదామని సంచి సర్దుకున్నవాడి ప్రయాణం మూడు నాలుగేళ్లు వెనక్కి జరిగింది. ప్రైవేటులో ఉన్నవాళ్లకు ఇంటి రుణం తీరిన రోజే రిటైర్మెంటు. అది ఎప్పుడో బ్యాంకుకు తెలియాలి.

మా వంతెనల పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ పని ఎప్పుడు చేయగలమో తేల్చడానికి దానికి కావలసినవన్నీ ఎప్పుడు ఒకేచోట ఉంటాయో చూస్తాం. వాటిలో ఏది ముందు చేజారిపోతుందో, దాన్నిబట్టే తేదీ వేస్తాం. ప్రయాణానికి డబ్బు, తీరిక ఉంటే చాలనుకుంటాం. అవి కాక మరో మూడు కావాలి: ఒళ్లు, తోడు, ఊరు.

ఒళ్లు సంగతి చూద్దాం. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎగువ అహోబిలం వెళ్లి ఉగ్రస్తంభం ఎక్కాలంటే రాళ్ల మీద చేతులూ కాళ్లూ ఆనించి పోవాలి. మోకాలు నొప్పి మొదలయ్యాక భక్తి ఎంత ఉన్నా చాలదు. కైలాస మానస సరోవర యాత్రకు విదేశాంగ శాఖ నిబంధన: 18 నిండాలి, 70 దాటకూడదు, బీఎంఐ 25 మించకూడదు. ప్రదక్షిణలో డోల్మా లా కనుమ 5,600 మీటర్ల పైన ఉంటుంది. ఆ యాత్ర 2020 నుంచి 2024 వరకు ఐదేళ్లు జరగలేదు, 2025లో మళ్లీ మొదలైంది. 2019లో 66 ఏళ్లుండి, "వచ్చే ఏడు వెళ్దాం" అనుకున్న మనిషిని తలుచుకోండి. దారి తెరిచేసరికి ఆయనకు 72. ఇక దరఖాస్తు పెట్టే అర్హతే లేదు.

తోడు సంగతి చెప్పాలంటే మా మేనమామ గురించి చెప్పాలి. నీటిపారుదల శాఖలో పనిచేసి 58కి రిటైరయ్యారు. 300 రోజుల ఆర్జిత సెలవు ఒక్కరోజు కూడా పోనివ్వకుండా నగదు చేసుకున్నారు. బదరీనాథ్ వెళ్లాలని ఆయనకూ అత్తయ్యకూ పెళ్లయిన నాటి నుంచీ కోరిక. రిటైరైన ఏడాది కూతురి పురుడు వచ్చింది. మరుసటి ఏడు అమ్మమ్మ మంచం పట్టింది. నాలుగేళ్లు ఇద్దరూ ఆమె పక్క వదలకుండా చూసుకున్నారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే అత్తయ్య వెళ్లిపోయింది. కొన్నాళ్లాగి, "మామయ్యా, బదరీకి నేను తీసుకెళ్తాను, రండి" అన్నాను. "ఒక్కణ్ణి వెళ్లి ఏం చూస్తానురా?" అన్నారు. పెన్షను ఉంది, కావలసినంత తీరిక ఉంది, దారి కూడా వెనకటికంటే బాగుంది. ఆయన వెళ్లలేదు. ఆయన చేసిన తప్పేమీ లేదు. అన్నీ బాధ్యతగా చేసిన మనిషి. కోరికకు మాత్రం క్యాలెండరులో చోటు దొరకలేదు.

మూడోది ఊరు. మనం ఎప్పుడు వెళ్లినా అది అలాగే ఉంటుందనుకుంటాం. తొమ్మిదో తరగతిలో సోషల్ మాస్టారు 1964 డిసెంబరు తుపాను గురించి చెప్పారు. ధనుష్కోడి తుడిచిపెట్టుకుపోయింది, రైలు కొట్టుకుపోయింది, పాంబన్ వంతెన దెబ్బతింది. ఆ వంతెనను 46 రోజుల్లో తిరిగి నిలబెట్టిన యువ ఇంజనీరు శ్రీధరన్ మన కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారే. తర్వాత ఢిల్లీ మెట్రో కట్టింది ఆయనే. నేను ఈ వృత్తిలోకి రావడంలో ఆ పాఠానికి వాటా ఉంది. 2019లో నాలుగు రోజులు సెలవు పెట్టి, మా ఆవిడా నేనూ రామేశ్వరం రైలెక్కాం. 1914లో తెరిచిన వంతెన, పక్కన పిట్టగోడైనా లేదు, కిటికీలోంచి కిందకు చూస్తే సముద్రమే. రైలు నడకలా సాగింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది, నేను మాత్రం రెప్ప వేయలేదు. 2022 డిసెంబరులో ఆ వంతెన మీద రైళ్లు ఆపేశారు. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన తెరిచారు. ఓడలు వచ్చినప్పుడు 72.5 మీటర్ల భాగం నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అదీ చూసి తీరాల్సిందే. కానీ పాత వంతెన మీద రైలు ప్రయాణం ఇక ఎవరికీ లేదు. నాకంటే ముందే అది రిటైరైంది.

అంత దూరం ఎందుకు, మన గోదావరినే చూడండి. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక నీరు వెనక్కి నిలిచి దేవీపట్నం వైపు పల్లెలు మునిగాయి. లాంచీలు ఇప్పుడూ తిరుగుతున్నాయి, పాపికొండలూ ఉన్నాయి. అయితే పాతికేళ్ల క్రితం చూసినవారి గట్లు, రేవులు వేరు.

ఉద్యోగం చేస్తూ ఇవన్నీ కుదిరే పనేనా అంటారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద దుబాసీ. 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. అప్పటికి ఆయనకు సుమారు 50 ఏళ్లు, ఉద్యోగంలోనే ఉన్నారు. మన దేశంలో ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా 23 ఏళ్లుంది. పరివారంతో కలిసి పదిహేను నెలలు తిరిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. 1836లో కన్నుమూశారు. మరికొన్నేళ్లు ఆగుదామనుకుని ఉంటే 'కాశీయాత్ర చరిత్ర' తెలుగువారికి దక్కేది కాదు.

అప్పు చేసి తిరగమని నేను అనడం లేదు. పిల్లల చదువుల డబ్బు ముట్టుకోమనడం అసలే లేదు. నేనూ మా ఆవిడా పాటిస్తున్న పద్ధతి చెబుతాను. చూడాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాశాం. వాటిని దూరాన్నిబట్టి కాకుండా, ఒంటికి పడే శ్రమనుబట్టి వరస పెట్టాం. కొండలు, మెట్లు, చలి ముందు. కారులో, రైల్లో కూర్చుని చూసేవి తర్వాత. కోణార్క్ 70లో అయినా చూడొచ్చు, డోల్మా లాకు అప్పుడు కుదరదు. నెలనెలా ఒక చిన్న ఆర్డీ ప్రయాణాలకే కట్టాం. జనవరిలోనే ఆ ఏడాది సెలవు తేదీలు ఆఫీసులో చెప్పేస్తాను. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి ఆ రోజే కొనేస్తాం. టికెట్టు చేతిలో ఉంటే ఇంట్లో మిగతా పనులు అవే సర్దుకుంటాయి. పెద్ద కోరికను ముక్కలు చేయండి. పన్నెండు జ్యోతిర్లింగాలూ ఒకేసారి కానక్కర్లేదు, మనకు దగ్గరగా శ్రీశైలం ఉంది, అక్కడి నుంచి ఏడాదికొకటి. కేంద్ర ఉద్యోగులకు నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా వెళ్లడానికి ఎల్.టి.సి. ఉంది, దాన్ని పోనివ్వకండి. అన్నిటికంటే ముందు, ఇంట్లో అమ్మానాన్నలు ఉంటే వాళ్ల కోరికేమిటో అడగండి. వరసలో అది మొదట ఉండాలి.

చివరిగా సంఘానికి ఒక ప్రతిపాదన. మన బడి పిల్లలను ఆర్టీసీ బస్సులో నాగార్జునసాగర్ తీసుకెళ్లి, లాంచీ ఎక్కించి, నాగార్జునకొండ చూపించింది ఇక్కడ కూర్చున్న మాస్టార్లే. అప్పుడు మా చేతులు పట్టుకుని లెక్కపెట్టి మరీ లాంచీ ఎక్కించారు. ఈ జనవరిలో రెండో ఆదివారం మళ్లీ వెళ్దాం, ఈసారి మాస్టార్లను మనం తీసుకెళ్దాం. వాళ్లలో 80 దాటినవారూ ఉన్నారు. చెయ్యి పట్టుకుని ఎక్కించడానికి ఇంతమందిమి ఉన్నాం. మొదటి బస్సు ఖర్చు మా బ్యాచ్‌ది. భోజనాలయ్యాక కార్యదర్శిగారి దగ్గర కాగితం ఉంటుంది, పేర్లు రాసి వెళ్లండి.