దారి ఖర్చు

అర ఎకరం దున్నినా, ఐదెకరాలు దున్నినా ట్రాక్టరు వచ్చిపోయే దూరం ఒక్కటే. దారిలో కాలే డీజిలు ఒక్కటే. కనుక దారి ఖర్చు అడగడం ట్రాక్టరు యజమాని హక్కు. దానిని ఎగవేయడం రైతు చేసే అన్యాయం.

అయితే ఇజారా ఒప్పందంలో ప్రతిఫలం ముందే తేలాలి. రోటవేటరు చేలో దిగాక చెప్పే ధర బేరం కాదు, బలవంతం. ఒకే రోజు ఒకే ఊరిలో ముగ్గురికి దున్నుతూ, ఆ సంగతి దాచి, ప్రతి ఒక్కరి వద్దా పూర్తి దారి ఖర్చు పుచ్చుకుంటే, చేయని రెండు ప్రయాణాలకు మనం సొమ్ము తీసుకున్నట్లే. కొలతల్లో మోసగించేవారిని సూరా ముతఫ్ఫిఫీన్ తీవ్రంగా హెచ్చరిస్తున్నది. దూరమూ ఒక కొలతే. దానిని నిజాయితీగా లెక్కించి, ముగ్గురికీ పంచి, బయలుదేరక ముందే చెబుదాము.

అల్లాహ్ మన సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక! ఆమీన్.