సెంటర్లో సిగ్నలు కావాలా? ముందు లెక్కపెడదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి పిల్లలు రోడ్డు దాటే సెంటర్లో ట్రాఫిక్ సిగ్నలు పెట్టించాలని, దానికి స్వర్ణోత్సవ నిధి నుంచి డబ్బివ్వాలని మనవాళ్లు కొందరు అడిగారు. రోడ్ల పనుల్లో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

వాళ్ల భయం నిజమే. మనం చదివే రోజుల్లో ఈ రోడ్డు మీద ఎడ్లబండ్లు, సైకిళ్లు, నెల్లూరు బస్సు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు రొయ్యల వ్యాన్లు, వరికోతలప్పుడు ట్రాక్టర్లు, ఆదివారమైతే కోడూరు బీచికి పోయే కార్లు.

అయితే సిగ్నలు సంగతి భయాన్ని బట్టి కాదు, లెక్కను బట్టి తేల్చాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1985లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ కొలతలున్నాయి. మనలాంటి ఒంటివరుస రోడ్లు కలిసేచోట, పెద్దరోడ్డు మీద రెండు వైపులా కలిపి గంటకు 650 బండ్లు, అడ్డరోడ్డు మీద ఎక్కువ రద్దీ ఉన్న వైపు నుంచి 200 బండ్లు రావాలి. అదీ రోజుకు 8 గంటల పాటు. నడిచి దాటేవాళ్ల కోసమైతే, ఆ 8 గంటలూ గంటకు 150 మంది దాటాలి, 600 బండ్లు పోవాలి. లేదా సిగ్నలుతో తప్పించగల ప్రమాదాలు ఏడాదిలో 5 జరిగి, వేరే ఉపాయాలేవీ పనిచేయకపోయి ఉండాలి.

అంత రద్దీ లేనిచోట సిగ్నలు పెడితే ఏమవుతుంది? అడ్డం ఎవరూ రావడం లేదు కదా అని ఎర్రలైటులోనే పోతారు. అది అలవాటైపోతుంది. అప్పుడు పచ్చలైటును నమ్మి సైకిలు తొక్కిన పిల్లవాడికే ముప్పు. ఎర్రలైటు చూసి ఆగిన బండిని వెనక బండి గుద్దడమూ పెరుగుతుంది.

మన పిల్లలకు గండం పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. ఆ కాస్త సేపటికి కావలసింది స్తంభం కాదు, చేతిలో ఎర్రజెండా పట్టుకున్న మనిషి. మలుపులో ఎదుటి బండి కనపడకుండా చేసే తుమ్మకొమ్మలు కొట్టించాలి. బస్సు ఆగే చోటు కూడలి దాటాక పెట్టించాలి. అడ్డరోడ్డుకు స్పీడ్ బ్రేకరు, మూలన వీధిలైటు, దాటేచోట తెల్లచారలు అడగాలి.

నా మనవి ఒకటే. ఒక పనిదినం, ఒక ఆదివారం, ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా లెక్కపెడదాం. ఒక్కో రోడ్డుకు ఇద్దరు కూర్చుని లారీలు, కార్లు, మోటారుసైకిళ్లు, సైకిళ్లు, నడిచేవాళ్లు అని విడివిడిగా గీతలు గీయాలి. నాలుగు నిలువుగీతలు, ఐదోది అడ్డగీత. పావుగంటకొక వరుస. పదో తరగతి పిల్లలనూ పక్కన కూర్చోబెట్టుకుందాం, వాళ్లకు ఇంతకన్నా మంచి లెక్కల పాఠం ఏముంది?

లెక్క తక్కువొస్తే మన నిధి జెండా మనిషి జీతానికి, వీధిలైటుకు పోతుంది. ఎక్కువొస్తే ఆ కాగితాలే అర్జీకి జతచేసి రోడ్లు భవనాల శాఖకు, పోలీసులకు ఇద్దాం. లెక్కతో పోయిన అర్జీని కాదనడం అంత తేలిక కాదు.