ఒక్క టీకా, నాలుగేళ్లు: మేడ్చల్ నేర్పే ఫోకస్ పాఠం

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడుకుందాం. వ్యాపారంలో ఫోకస్. ఈ మాట మీరు వంద సార్లు విని ఉంటారు. కానీ ఫోకస్ కోసం ఏం వదులుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

నన్ను చాలామంది అడుగుతుంటారు, "అన్నా, మొబైల్ యాక్సెసరీస్ పెట్టాను, పక్కనే జిరాక్స్ పెట్టాను, కర్రీ పాయింట్ కూడా చూస్తున్నాను. అయినా ఏదీ నిలబడట్లేదు, ఎందుకు?" అని. దానికి జవాబు మన సిటీకి ఉత్తరాన, మేడ్చల్, శామీర్‌పేట వైపే ఉంది.

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారి పేరు విన్నారా? ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్, బయాలజీ కాదు. 1993లో అమ్మ శాంతమ్మ గారి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. అప్పట్లో హెపటైటిస్ బి టీకా బయటి దేశాల నుంచి రావాలి. ఒక్కో డోసు వందల్లో ఉండేది, పైగా ఒక మనిషికి మూడు డోసులు కావాలి. మామూలు కుటుంబం ఇంట్లో అందరికీ ఎలా వేయిస్తుంది చెప్పండి?

ఆయన పట్టుకున్నది ఆ ఒక్క జబ్బునే, ఆ ఒక్క టీకానే. అది కూడా సామాన్యుడు కొనగలిగే ధరలో. సీసీఎంబీ ల్యాబ్‌లో పరిశోధన నడిచింది. పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. మేడ్చల్‌లో ప్లాంటు లేచింది. 1997లో శాన్‌వాక్-బి మార్కెట్లోకి వచ్చింది. ధర డోసుకు 50 రూపాయల దగ్గర్లో. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలోనే తయారైన తొలి హెపటైటిస్ బి టీకా అదే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. 1993 నుంచి 1997 అంటే నాలుగేళ్లు. ఖర్చు ఆగదు, జీతాలు ఆగవు, అమ్మడానికి మాత్రం చేతిలో ఆ టీకా లేదు. ఫోకస్ ఖరీదు అదీ!

మరి ఒక్కదాని మీదే ఉంటే ఎదుగుదల ఆగిపోతుందా? లేదు. శాంతా తర్వాత ఇంటర్‌ఫెరాన్, కలరా టీకా లాంటివి కూడా తెచ్చింది. 2009లో ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ గ్రూపు ఆ కంపెనీని కొన్నది. అంటే ముందు ఒక్కటి నిలబెట్టారు, ఆ తర్వాతే మిగతావి. ఆర్డర్ ముఖ్యం.

పోటీ రాదా అంటారా? వచ్చింది! 1996లో మొదలైన భారత్ బయోటెక్ శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో అదే హెపటైటిస్ బి టీకా చేసింది. వాళ్లూ టీకాల దారి వదల్లేదు. 2015లో రోటావైరస్ టీకా, 2021లో కోవాక్సిన్ జనంలోకి వచ్చాయి.

ఇప్పుడు అసలు మాట. పూర్తిగా దిగడం అంటే కళ్లు మూసుకుని దూకడం కాదు. ఇంటి మీద అప్పు తెచ్చి, ఉద్యోగం మానేసి రమ్మని నేను చెప్పను. ముందు మూడు ప్రశ్నలు రాసుకోండి. ఎవరి కష్టం తీరుస్తున్నాను? వాళ్లు ఎంత ఇవ్వగలరు? రాబడి లేకుండా నేను ఎన్ని నెలలు ఆగగలను? మూడోదానికి నిజం రాయండి, ఎందుకంటే ఈఎంఐ కట్టాల్సింది మీ ఇల్లే.

ఆ మూడింటికీ జవాబు దొరికితే మిగతా బోర్డులు దించేయండి. ఫ్రెండ్ కొత్త ఐడియా తెచ్చినా, మార్కెట్లో కొత్త ట్రెండ్ వచ్చినా, మీరు రాసుకున్న గడువు దాకా "ఇప్పుడు కాదు" అనండి. ఆ మాట అనడమే కష్టం. గడువు అయ్యాక లెక్క చూడండి. కస్టమర్ మళ్లీ మళ్లీ వస్తుంటే కొనసాగండి, రాకపోతే మార్చండి. దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఈ రాత్రే ఆ మూడు జవాబులు ఫోన్‌లో నోట్ చేసుకోండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.